తలకట్టు

సోమవారం నోటీసు బోర్డుకి నాలుగు కాగితాలు.
కొమ్ముపని పిల్లల ఎగ్జిబిషను, గురువారం దాకా.
భువనేశ్వరం నించి వచ్చే పెద్దాయన ఉపన్యాసం
మూడున్నరకి, కరెంటుంటే.
బ్రష్షులు తిరిగివ్వనోళ్ళకి ఫైను.
నాలుగోది టైపు కొట్టింది, కింద గుండ్రటి సీలు:
కొత్త ప్రిన్సిపాలు, శ్రీమతి సుబాసి రైతా.

పర్లాకిమిడి ఆర్టు స్కూల్లో
పేర్లు రాసేవాణ్ణి నేను, దండాసిని.
జీతం అటెండరుది, చెయ్యి పెయింటరుది.
ఏ పేరైనా నా దగ్గర మూడుసార్లు పుడుతుంది.
ఒడియాలో గొడుగేసుకుని,
తెలుగులో తలకట్టు కట్టుకుని,
ఇంగ్లీషులో బోడితలతో.
ప్రిన్సిపాళ్ళ చెక్కమీద పదకొండుమందిని రాశాను.
డిగ్రీలన్నీ పట్టలేదని ఇద్దరు కోప్పడ్డారు.
ఒకాయనకి చేరకముందే బదిలీ.
ఆ పేరు ఆరకముందే టర్పెంటైనుతో తుడిచాను,
అది లెక్కలో లేదు.

ఉపన్యాసానికి తొమ్మిదిమంది,
టీ తెచ్చిన కుర్రాడితో పది.
పెద్దాయన తెరమీద మా స్టోరులోని తడికే చూపించాడు.
ఎర్రమన్ను మీద బియ్యప్పిండి,
ముక్కోణపు మనుషులు, ఏనుగు, నిచ్చెన, ఒక సైకిలు.
లయ అన్నాడు. ఖాళీ అన్నాడు.
'అజ్ఞాత కళాకారిణి' అన్నాడు.
కింద లేబులు కూడా పడింది ఫోటోలో.
చేతిరాత నాది.

ఎనభై ఏడు. వానాకాలం.
గుమ్మా కొండల నించి జీపులో తెచ్చారామెని.
హాల్లో తడిక కట్టి, మన్ను మెత్తించి
గీయమన్నారు. జనం నిలబడి చూశారు.
వెదురుపుల్ల నమిలి కుంచె చేసుకుంది.
గీసినంతసేపూ ఎవరితోనో మాట్లాడుతూనే ఉంది,
గోడతో అనుకున్నాను.
కొంగు పట్టుకుని ఆరేళ్ళ గుంట,
నా రంగుడబ్బాలో వేలు ముంచి తిట్లు తింది.
లేబులేం రాయాలని గుమస్తాని అడిగాను.
ఆమెని అడగలేదు.
మూడు మూరల దూరం.
మూడు లిపులొచ్చు నాకు.
'నీ పేరేటమ్మా' అనడానికి
ఒక్క లిపీ అక్కర్లేదు.

నిన్న పొద్దున చెక్క దించాను.
పన్నెండో వరసకి సుద్దదారం కొట్టి
బంగారురంగు కలిపి కూచున్నాను.
వచ్చింది. చూసింది.
"దండాసి మాస్టారూ, అది ఆగనీండి" అని
స్టోరు తాళం అడిగింది.

తడికలో ఏనుగు కాళ్ళు చెదలు తినేశాయి.
లేబులు మాత్రం నిన్న రాసినట్టుంది,
అప్పట్లో ఎనామిలు మంచిది.
"మా అమ్మ పేరు సుంబారి.
ఇది మా మామ్మ పేరున గీసింది.
పోయినోళ్ళని పేరుపెట్టి పిలవకపోతే
ఇంట్లో ఎవరికో ఒకరికి జ్వరం తగుల్తుంది."
కోపంగా అనలేదు.
బ్లేడుందా అని అడిగినట్టే అంది.
ఆ వేలు నాకు గుర్తుందో లేదో
ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

గీకాను. మూడు వరసలూ.
ఎనామిలు పొడి నా గోళ్ళలోకి పోయింది.
మళ్ళీ రాశాను.
తెలుగులో ఆ పేరుకి తలకట్టు ఒక్కటే,
'సు' నెత్తిన.
అది పెట్టడానికి రెండుసార్లు
ఊపిరి బిగబట్టాల్సొచ్చింది.

"కింద ఇంకో వరసకి చోటుంచండి" అంది.
సవర అక్షరాలున్నాయట.
ముప్పై ఎనిమిదేళ్ళు ఈ ఊళ్ళోనే రాస్తున్నాను,
వచ్చే చైత్రానికి రిటైరు,
నాకు తెలీదు.
కుంచె ఆమె తీసుకుంది.
వరస వంకర పోకుండా
నేను స్కేలు పట్టుకున్నాను.

పైగదిలో చెక్కపక్కన
గిన్నెలో బంగారురంగు మీగడ కట్టింది.
మళ్ళీ కలపాలి.