పదిహేడో మనిషి

డండీలో, పాత జనపనార మిల్లులో
ఇప్పుడు మా ప్రయోగశాల.
పదహారుమంది కుర్రాళ్ళు ఆడి వెళ్ళారు.
కాళ్ళకింద మంచు కరకరలాడే చప్పుడు తీసేస్తే
అందరూ దారి తప్పారు.
గ్రాఫు నేను అనుకున్నట్టే వంగింది.

పదిహేడో మనిషి ఇష్‌బెల్, డెబ్బై తొమ్మిదేళ్ళు,
జ్వరమొచ్చిన మనవడి బదులు వచ్చింది.
హెడ్‌ఫోన్లు మెడకు వేలాడేసుకుని
ఒక్క తప్పటడుగు లేకుండా అడవి దాటింది.

"శబ్దం పోయిందని ఎప్పుడు తెలిసింది?"
నా పెదాల వంక చూసి నవ్వింది.
"ఇరవయ్యో ఏట. ఈ గోడ పక్కనే నా మగ్గం."

అరచెయ్యి బల్లకు ఆనించి
ఎవరో వస్తున్నారంది.
తలుపు తెరుచుకుంది.

నా పట్టికలో ఆమెకు గడి లేదు.
గైడ్‌కి రాయాలి, మూడో అధ్యాయం ఆలస్యమని.
రాయకుండా
బల్లమీద చెయ్యి పెట్టి కూర్చున్నాను.