అడుగుల లెక్క

నా జేబుల నలభై పేజీల నోటుబుక్కు.
మూడేండ్ల జాతరలు అందుల పండుకోనున్నయి:
ఏ జోడు ఏ ఊళ్లె ఎన్నడుగులు లాగింది,
ఎన్నో చీటీకి దిగింది,
బండ ఎన్ని క్వింటాళ్లు, నేల తడా పొడా.

అయిజ అవతల జొన్నకొయ్యలు దున్ని
చదునుజేసిన బాట పక్కన నేను లెక్కలు తీస్తుంటె
బజ్జీల బాండలి ఎనక నుంచి జమ్ములమ్మ అడుగుతది:
"అచ్చరాలు బండ లాగుతయా కొడుకా?"

ఆరుపళ్ల విభాగం. పదకొండు జోడ్లు. ఇరవై నిమిషాలు.

నా లెక్కల ఇటిక్యాల జోడే ముందు.
పోయినేడు మూడువేల తొమ్మిదొందలు,
మొన్న మల్దకల్ల ఇంకో రెండొందలు ఎక్కువ.
మూపురాలు పొంగిన కుడుముల తీరు,
నూనె రాసిన ఒంటిమీద మాఘం ఎండ నిలవలేక జారుతున్నది.

ఆమె అటు చూడనేలేదు.
"మూపురం ఫోటోకు. గిట్ట చూడు.
ఎనకకాలు అప్పు అడగొచ్చినోని లెక్క పెడుతదా,
చేను కొన్నోని లెక్క పెడుతదా?
పేడ చూడు. నీళ్లయితే రాత్రి లారీల నిద్ర లేదు.
చెవి చూడు. మైకు దిక్కు తిరుగుతున్నదా, మనిషి దిక్కా?"

ఆమె పెనిమిటి ముప్పై ఏండ్లు ఎడ్లకు నాడాలు కొట్టిండు.
ఆయన సుత్తె పట్టుకుంటె ఈమె కాలు పట్టుకున్నది.
చేతిలున్న కాలు అబద్ధమాడదట.

చింతరేవుల సవారన్న జోడును చూపెట్టింది.
దాపటిది తెల్లది, వలపటిది బూడిద,
ఎత్తుల రెండు వేళ్ల తేడా.
"కాడి ఒరగదా?" అన్న.
"ఒరుగుతదని వాటికెరుక.
సమంగున్నయి ఏం నేర్చుకుంటయి?"

పోయేటప్పుడు అన్ని జోడ్లూ పోతయి.
మూడొందల అడుగుల కాడ మలుపు,
గొలుసు సడలి, దుమ్ము లేసి,
ఒకటి నిలబడాలె, ఒకటి తిరగాలె,
అక్కడ ఎవని చర్నాకోల పనిచెయ్యదు.

ఇటిక్యాలవి రైలు తీరు ఉరికినయి.
అయిదో మలుపు కాడ వలపటిది మైకు విని బెదిరింది,
నలభై సెకండ్లు మన్నుల కలిసినయి.
అయినా మూడువేల ఆరొందల పన్నెండు. రాసుకున్న.

సవారన్నది తొమ్మిదో చీటీ.
అప్పటికి బాట జల్లెడపట్టిన పిండి.
తెల్లది నిలబడ్డది, ఒక్క చెవి కదలకుంట,
బూడిద దాని చుట్టు గొడుగు తిప్పినట్టు తిరిగింది.
మళ్ల మలుపు. మళ్ల.
గట్టు మీదోళ్లు లేచి నిలబడ్డరు.
పదిహేడో నిమిషం, మూడువేల మూడొందల ఎనభై.
గెలుపు చెయ్యిచాస్తె అందేటంత.

అప్పుడు సవారన్న కాడి మీద చెయ్యేసిండు.
వంగి తెల్లదాని మోకాలు తడిమిండు,
అరచెయ్యి చూసుకున్నడు,
తువ్వాల్తోని తుడుచుకున్నడు,
ఒక్క మాట మాట్లాడకుంట గొలుసు ఇప్పిండు.

మూడు నిమిషాలు మిగిలే ఉన్నయి.
మైకు వీరోజి గొంతుల మాట ఆగిపోయింది.
పందెం కాసినోళ్ల నోళ్లు ఆగలేదు,
ఆయన ఏడు తరాలు తిట్లల్ల తడిసినయి.
ఆయన నడుస్తున్నడు, ఎడ్ల కంటె నిదానంగ.

జమ్ములమ్మ జాలిగంటె పక్కన పెట్టింది.
"ఎడ్ల కాళ్లు పట్టిన," అన్నది,
"మనిషి కాలు పట్టి చూడకపోతిని."

మాపటికి కప్పు ఇటిక్యాలకే పోయింది.
మూడేండ్లల మొదటిసారి నా లెక్క తప్పలేదు.
ఎవ్వరూ అడగలే, నేనూ చెప్పలే.
ఆమె మాత్రం కాగితంల నాలుగు బజ్జీలు చుట్టి
"గెలిచినవు, తిను" అని చేతిల పెట్టింది.

బస్సుల కూసోని నోటుబుక్కు తీసిన.
సవారన్న పేరు ముందర ఎన్నడుగులని రాయాలె?
మూడువేల మూడొందల ఎనభైయేనా,
ఆ తర్వాత నడిచినయి కూడా కలపాలెనా?
అప్పటికే ఆ గడి మీద బజ్జీల నూనె ఇంకింది.
రెండుసార్లు గీకిన.
కలం రాయలే.