కొట్టివేత

హోలియోక్‌లో, మూతపడ్డ కాగితం మిల్లు వెనక,
రెండో కాలువ గట్టున పచ్చిక.
టికెట్ లేదు, గేటు లేదు.
ఎవరి మడతకుర్చీ వాళ్లు తెచ్చుకున్నారు.
తేనివాళ్లకి గడ్డి ఉంది, దాని తడీ ఉంది.

వేదిక పక్కన ఒక నీలం బకెట్.
దాని మీద నెయ్‌షా చేతిరాత:
"పాట ఉచితం. ట్రంపెట్ కాదు."

మా అమ్మ పోన్సే నుంచి వచ్చి ఈ మిల్లులోనే కవర్లు మడిచేది.
సంగీతం రాసుకునే గీతల కాగితం కూడా
ఇక్కణ్ణించే వెళ్లేదట పెట్టెలకి పెట్టెలు.
గీతలు మావి. వాటి మీద ఏం రాశారో
మాకెవరూ చెప్పలేదు.

నేను ఇరాయిదాని.
ఇరవై రెండేళ్లుగా బడిలో వాయిద్యాల గది తాళంచెవి నా దగ్గరే.
నాకు పాట రాదు, లెక్క వచ్చు.
మూడు వందల పన్నెండు మంది పిల్లలు.
ట్రంపెట్లు పంతొమ్మిది, పలికేవి నాలుగు.
ఒక ట్రాంబోన్‌కి ఇద్దరు: సోమ, బుధ ఒకడికి,
మంగళ, గురు ఇంకొకడికి.
శుక్రవారం దానికి సెలవు,
పాపం అదీ ఊపిరి తీసుకోవాలిగా.
నది అవతల బడిలో పిల్లకో క్లారినెట్,
అది పాడైతే ఇంకో క్లారినెట్.
మధ్యలో ఉన్నది వంతెన ఒక్కటే,
నడిస్తే పది నిమిషాలు.

"లేదు బాబూ" అనడం నా ఉద్యోగం.
రోజుకి ముప్పైసార్లు, జీతం తీసుకుని మరీ.

యాడ్రియెల్ మాత్రం అడగలేదు.
గుమ్మం బయట నిలబడి తలుపు చెక్క మీద
మూడు దెబ్బలు, కాస్త ఖాళీ, రెండు దెబ్బలు.
మూడు. ఖాళీ. రెండు.
ఎవరో తలుపు కొడుతున్నారనుకుని తీశాను.

ఆ శుక్రవారం చిట్టా పుస్తకం ముందేసుకుని
పద్నాలుగో నంబరు కాంగా ఎదురుగా
"చర్మం చిరిగింది, పనికిరాదు" అని రాసి,
స్కేలు పెట్టి ఎర్రగీత గీశాను.
కొట్టేశాను.
చర్మం చిరగలేదు.
ఆ మాటకున్న రెండర్థాల్లోనూ కొట్టేశాను.

చీకటి పడ్డాక లాండ్రీ బండిలో దుప్పట్ల కింద పడుకోబెట్టి
కాబట్ వీధిలో మూడో అంతస్తు ఎక్కించాను.
వాళ్లమ్మ తలుపు తీసింది. బండిని చూసింది, నన్ను చూసింది.
లోపలికెళ్లి కాఫీ పెట్టింది.

ఇవాళ
పచ్చి అరటికాయ చితక్కొట్టి వేయిస్తున్న కమురు వాసనలో
జోయిలా మైకు అందుకుంది, ట్రాంబోన్లు లేచాయి,
మందుల షాపు ఎఫ్రాయిన్ భార్యని కాక
భార్య అక్కని పట్టుకుని తిప్పుతున్నాడు.
బడుల అధికారి వెల్డన్ గారు ముందు వరసలో
సరిగ్గా ఖాళీ ఉన్నచోటల్లా చప్పట్లు కొడుతున్నారు.
మంచాయనే. ఆయన సంతకాలూ అక్కడే పడుతుంటాయి.

అప్పుడొచ్చాడు వాడు, పదమూడేళ్ల మోకాళ్ల మధ్య డ్రమ్ముతో.
ఆకుపచ్చ రంగు వేశాడు కానీ ఒక్క పూతే.
కింద నుంచి పద్నాలుగు కనపడుతోంది,
నా అంకెలే, నాలుగుకి నేనిచ్చే వంకర తోకతో సహా.

వాడు కొట్టాడు.
నేనేం చెప్పగలను, నాకు పాట రాదన్నానుగా.
కాలువ నీళ్లు అటు తిరిగాయనిపించింది.
రెండేళ్లుగా ఎర్రగీత కింద నోరు మూసుకున్నది
ఊరందరి ముందూ నా పేరు చెప్పేస్తోంది.

వెల్డన్ గారు నా వైపు వంగారు:
"భలే మోగుతోందే, ఎక్కడిదమ్మా ఆ డ్రమ్ము?"
"వాళ్లింట్లోదే" అన్నాను.

బకెట్‌లో రెండువేల నూటనలభై డాలర్లు, ఒక చొక్కా గుండీ.
వంతెన అవతలివాళ్లూ వేశారు,
ఎక్కువే వేశారు. అదీ రాశాను.

సోమవారం పొద్దున్న గుమ్మం దగ్గర కొత్త పిల్ల,
ఒక కాలి మేజోడు జారిపోయి ఉంది.
"క్లారినెట్ ఉందా?"
పుస్తకం తెరిచాను, ఎర్ర కలం మూత తీశాను.
"ఉండు తల్లీ," అన్నాను,
"ముందది పాడవ్వాలి."