నడుమ నొక్కిన ట్యూబు

షిప్‌యార్డు స్టోర్సులో ముప్పై ఒక్క ఏళ్లు
నా పని గడువులు చూడటం.
రెడ్ ఆక్సైడ్ డబ్బా, వెల్డింగ్ రాడ్ల పెట్టె, రబ్బరు వాషర్లు
తిరగేసి, తేదీ చదివి,
దాటిపోతే ఊదా సిరాతో ముద్ర గుద్దేవాణ్ణి.
ఆ చప్పుడుకి బల్ల మీద టీ గ్లాసు ఉలిక్కిపడేది.

ఇవాళ మల్కాపురం అద్దిల్లు ఖాళీ చేస్తూ
అద్దం వెనక గూట్లో చెయ్యి పెడితే
రేజరు దొరికింది. దాని కింద, క్రీము.

రేజరు సగమే నాది.
డెబ్బై తొమ్మిదిలో కురుపాం మార్కెట్ దగ్గర
ఓడ దిగిన గ్రీకు వంటవాడొకడు
రెండు డజన్ల అరటిపళ్లకీ ఒక లుంగీకీ ఇచ్చి పోయాడు.
పళ్లు నావి, లుంగీ సింహాద్రిది.
పిడి అడుగు తిప్పితే
డ్రై డాకు గేట్లలా రెండు రెక్కలూ తెరుచుకునేవి,
మధ్యలోకి బ్లేడు వచ్చి కూచునేది.

ఇప్పుడు కదల్లేదు.
ఈ ఊరి ఉప్పుగాలికి
కిటికీ ఊచైనా సైకిలు చువ్వైనా ఒకటే.
చింతపండు రసంలో నానేసి, పాత బ్రష్షుతో తోమి,
కొబ్బరినూనె చుక్కేసి
మధ్యాహ్నం సైరన్ కూసేదాకా ఒళ్లో పెట్టుకున్నాను.
నికెలు పోయిన చోట ఇత్తడి పచ్చగా బయటపడింది.
ఒక్క కీచు. తెరుచుకుంది.
లోపల నురగ సున్నంలా గడ్డకట్టి ఉంది,
అందులో రెండు వెంట్రుకలు. ఎవరివో.

రేజరు మీద గడువు లేదు.
ముద్ర వేసిన చెయ్యి కదా, వెతికింది.
క్రీముకి ఉంది. మడత విప్పితే
తోక మీద గుచ్చిన అంకెలు:
ఎనభై ఒకటి, ఆగస్టు.

దీపావళికల్లా సింహాద్రితో మాటలు ఆగిపోయాయి.
కారణం చెబితే నవ్వుతారు.
నేను ట్యూబుని తోక నుంచి నొక్కుతాను, మడత పెట్టుకుంటూ.
వాడు నడుమ మీద బొటనవేలు వేసి, ఎక్కడ దొరికితే అక్కడ.
"ఏటి బావూ, ఎక్కడ నొక్కినా మూతి లోంచే కదా వస్తాది."
ఆ తర్వాత గొడవ ట్యూబుది కాకుండా పోయింది.
అద్దె గురించి, ఓవర్‌టైము గురించి,
చివరికి అనకూడని ఒక మాట దగ్గరికి వచ్చింది.
ఆ మాట అన్నది నేను.
డ్రెడ్జరు మీద పనికి పారదీప్ పోయాడన్నారు.
రేజరులో తన సగం అడగలేదు.

మూత తీశాను.
ముందు నూనెలాంటి చుక్క, వెనక పసుపెక్కిన మైనం,
ఆ వెనక, ఎక్కడో లోపల్నుంచి గంధం వాసన,
బ్యాటరీ అయిపోతున్న టార్చిలైటు వెలుగంత.
స్టోర్సు లెక్కన చచ్చిన సరుకు.
"సబ్బుకి సావేటి? నురగొత్తే బతికున్నట్టే" అనేవాడు.

బ్రష్షు తడిపి గిన్నెలో తిప్పాను. తిప్పాను.
ఇక రాదనుకున్నాక వచ్చింది,
అల వెనక్కెళ్లాక ఇసక మీద మిగిలేటంత.
ఎడమ చెంపకి సరిపోయింది. మండింది. పటిక రాశాను.
పటికని గడువెంతని ఎవరూ అడగరు.

కుడి చెంప గరుగ్గా ఉండగానే
గుమ్మం ముందు గవరయ్య పాత సామాన్ల బండి ఆగింది.
"ఇలాటియిప్పుడు కుర్రోళ్లు మోజుపడి కొంటన్నారు, మూడొందలిత్తాను.
ఆ ట్యూబు కూడా పడీండి, అల్యూమినియమే కదా."

సగమే నాది, అమ్మలేనన్నాను.
వాడికి అర్థం కాలేదు. బండి తోసుకుపోయాడు.

ట్యూబులో ఇంకా కాస్త ఉంది.
అలవాటు కొద్దీ తోక నుంచి మడుస్తూ వచ్చి
నడుమ ఆ గుంట దగ్గర ఆగిపోయాను.
గోరు గీత కూడా ఉంది.
నా బొటనవేలు పెట్టి చూశాను.
వాడిది వెడల్పు చెయ్యి.
ఇంకా చోటు మిగిలింది.