రెండో ఆటకి బీబీజాన్‌తో

ఆదివారం యార్డుకి సెలవు.
చేతులకి సెలవుండదు,
కొబ్బరినూనె ఎంత పట్టించినా గోళ్ల కింద తేజా కాయ మండుతూనే ఉంటుంది.
ఏసీ హాల్లో చల్లగా ఉంటుందని వెళ్లాం
నేనూ, బీబీజానూ.
ఏ బొమ్మో కూడా చూసుకోలేదు.

తెర మీద ఒక రాకుమారి.
ఊళ్లో వానలు పడాలని
పెళ్లిబట్టల్తోనే గుహలోకి దించి
తాడు కోసేశారు.

లోపల అది ఉంది.
మనకి పాములున్నాయి, రాక్షసులున్నారు, కొరివిదెయ్యాలున్నాయి.
రెక్కలున్న నిప్పుకి మాత్రం పేరు లేదు.
డబ్బింగు వాళ్లకీ దొరకలేదేమో, డ్రాగన్ అనే వదిలేశారు.
బీబీజాన్ నా చెవి దగ్గరికొచ్చి
దాని పేరు చెప్పింది:
"కోల్డ్ స్టోరేజీ."

గొంతు కాదది, ఉత్త గాలి.
గొంతు ఏటుకూరు రోడ్డులో ఉండిపోయింది,
మూడో అంతస్తులో, టిక్కీల మధ్య,
మూడేళ్ల కిందటి మే నెలలో.

రాకుమారి ఒక సంగతి కనిపెట్టింది.
నిప్పు ఊదాలంటే అది ముందు ఊపిరి పీల్చుకోవాలి.
పీల్చుకునే ఆ కాసేపూ ఈమెది.
ఎముకల గుట్ట వెనక నక్కి లెక్కపెట్టింది,
ఏడు దాకా వచ్చింది లెక్క.
ఏడంకెల దూరం పరిగెత్తడం, మళ్లీ నక్కడం.
వెనక వరసలో ఎవరో ఈల వేశారు.

మాకూ ఎవరూ చెప్పలేదు.
మెట్ల దారిలోంచి పొగ తెరలు తెరలుగా వచ్చేది,
మంట కాదు, మిరపపొగ.
మధ్యలో పదకొండంకెల సందు.
తడి గోనె ముఖాన వేసుకుని, పొట్ట నేలకానించి,
పాకడం, ఆగడం.
చీకట్లో నేను దారి తప్పకూడదని
బీబీజాన్ పైకే లెక్కపెట్టింది.
ఒకటి. రెండు. మూడు.
నోరు తెరిచిన ప్రతి అంకెకీ
అంత ఘాటు లోపలికి పోయింది.
నేను నోరు మూసుకునే పాకాను.
అందుకే ఇది నేను చెబుతున్నాను,
ఆమె కాదు.

రాకుమారి బయటి గట్టు దాకా వచ్చింది.
బుగ్గ మీద ఒకే ఒక్క మసి చార, దిద్దినట్టు.
జడ ఊడలేదు.
"ఒక్కసారన్నా దగ్గదేమే?" అంది బీబీజాన్.
నవ్వాపుకోలేక పైటకొంగు నోట్లో కుక్కుకున్నాను.

అప్పుడు కరెంటు పోయింది.
డ్రాగన్ నోరు సగం తెరిచి ఉండగానే
తెర లేదు, గోడ లేదు, ఏసీ మోత లేదు.
జనం కేకలు.
నా చేతిలోకి ఒక చెయ్యొచ్చింది,
తొడిమలు తీసి తీసి బరకెక్కిన బొటనవేలు.
వణుకుతోంది.
ఆమె పెదాలు కదులుతున్నాయని
చూడకుండానే తెలిసింది.

ఒకటి, అన్నాను నేను.
గట్టిగా, హాలంతా వినపడేట్టు.
రెండు.
ఎవడో "ఏందమ్మా వేలంపాటా?" అన్నాడు.
మూడు.
నాలుగో అంకెకి ముందు వరసలో చంటోడొకడు కలిశాడు,
ఆరుకి వాడి పక్కన ఇంకొకడు.
తొమ్మిది దగ్గర జనరేటరు దగ్గి, అందుకుంది.
వెలుగొచ్చినా నేను ఆపలేదు.
పది.
పదకొండు.

బీబీజాన్ చెయ్యి వెనక్కి తీసుకుని
జాకెట్లోంచి వక్కపొడి తీసి
నాకు సగం పెట్టింది.

ఆఖరికి అది చచ్చిందో లేదో మేం చూడలేదు.
నల్లపాడు ఆటో వాడు ఒంటిగంట దాటితే రెట్టింపడుగుతాడు.
లాడ్జి సెంటర్లో టీ బండి ఇంకా మూయలేదు.
"రెండు," అన్నాను.
పొద్దున ఆరుకల్లా యార్డుకి లోడు దిగుతుందట,
తాలుకాయ ఎక్కువున్న సరుకు.