ఏకిన దోవ

సిద్ధవటం దాటి, పెన్న ఇసుక వెనకబడి,
చెక్‌పోస్టు కర్ర పైకి లేచినాక
మా ఐదుగురం మనుషులం కాము, దూది.
జీపు మమ్మల్ని ఏకింది.
ఊరికే అనడం లేదు,
ప్రొద్దుటూరిలో మూడు తరాల పరుపులంగడి మాది,
ఏకడమంటే ఏందో మాకు తెలుసు.

"ఫోర్‌వీల్ వేస్తాండా, గట్టిగ పట్టుకోండి" అన్నాడు రెడ్డెప్ప.
కడ్డీని పట్టుకుంది మా షమీ,
షమీని పట్టుకున్నాడు ఫక్రు,
క్యారియర్ని పట్టుకున్నాడు మా ఆయన,
ఊరిబిండి ఒలికితే నా నోటికి తట్టుకోలేడు గనక.
ముందు సీట్లో మా అత్త కాశింబీ
దేన్నీ పట్టుకోలేదు.

లంకమల అంటే ఇన్నాళ్లూ నాకు
బస్సు కిటికీలో నీలంగా పడుకున్న గీత.
లోపలికొస్తే అది గీత కాదు,
పలకలు పలకలుగా పగిలిన ఎర్రరాయి,
రాతి సందున వంగిన నారేపి,
ముండ్ల మధ్య కలేపండ్లు, మాగీ మాగనివి,
మలుపు మలుపుకూ ఒక లోయ
తలుపు తీసి, మమ్మల్ని చూసి, మళ్లీ వేసుకునేది.

ఎద్దడుగు మలుపు కాడ జీపు ఆగింది.
ఒకపక్క బండ, ఇంకోపక్క ఏమీ లేదు.
పెంచలయ్య దిగినాడు, మాకు దోవ చూపే మనిషి.
అటవీశాఖ ఇచ్చిన బూట్లిప్పి చంకన పెట్టుకుని
ఉత్తకాళ్లతో రాళ్లను తడిమినాడు,
చీకట్లో మంచం కింద చెప్పులు వెతికినట్టు.
"ఎడమకు. ఇంక రోంత. ఆ రాయి నమ్మొద్దు, ఊగుతాది.
ఆఁ, దీన్ని నమ్ము."
చక్రం ఆయన మాట విని ఒక్కో రాయే ఎక్కింది.

"అన్ని రాళ్లూ ఎట్ల తెలుసు నీకు?" షమీ అడిగింది.
"నడిచినా కదమ్మా. రాత్రిళ్లు.
లైటు లేకుండా. బుజం మీద బరువుతో."

మా ఆయన క్యారియర్ మూత సరిచేసుకున్నాడు.
రెడ్డెప్ప ఇంజను వైపు తిరిగినాడు.
ఆ మాటకు అర్థం తెలియనిది పిల్లలిద్దరికే.

మా అత్త మాత్రం అడిగేసింది, బేరమాడే గొంతుతో:
"దుంగ ఎన్ని కిలోలుంటాది నాయనా?"
"ముప్పై. ఒగోసారి నలభై."
"ఎంతిస్తాండ్రి?"
చెప్పినాడు.
దానికి రెండేండ్లు లోపలున్నానని కూడా చెప్పినాడు.
చొక్కా జరిపితే బుజం మీద కాయ,
ఎండిన ఉసిరికాయంత.
అత్త పైట సర్దినట్టే సర్ది తన బుజం చూపింది.
అక్కడా ఒకటి.
మామ పోయినాక ఏకే విల్లు మోసుకుని
ఊరూరూ తిరిగిన ఏండ్లది.
పన్నెండేండ్లుగా ఆ ఇంటి కోడల్ని,
నేనెప్పుడూ చూడలేదు దాన్ని.

పైన, మేం తిన్న చోట, ఒక మొద్దు.
నరికిన కాడ నల్లబడి, పక్కనుంచి
మూడు పిలకలు నా ఎత్తుకు లేచినాయి.
"ఇది నేనే" అన్నాడు పెంచలయ్య.
కొట్టిందా, కాపాడిందా, నేనడగలేదు.
దూరంగా పెన్న, ఎవరో ఆరేసి మరిచిపోయిన పంచె.
ఫక్రు దానికి టాటా చెప్పినాడు.

షమీకి ఒక పేడు దొరికింది.
బండ మీద నీళ్లు పోసి అరగదీస్తే
అరచెయ్యి ఎర్రగా పండింది.
"పేడు ఈడనే పెట్టు తల్లీ" అన్నాడాయన.
ఆ పొద్దంతా అంత మెల్లగా మాట్లాడింది లేదు.

పొద్దుగూకినాక చెక్‌పోస్టు.
టార్చి సీట్ల కింద పాకింది,
ఖాళీ క్యారియర్లోకి తొంగిచూసింది,
పెంచలయ్య మొహం మీద అవసరానికి మించి నిలబడింది,
ఆఖరికి షమీ చేతి మీద వాలింది.
"ఏంది పాపా ఇది?"

షమీ నోరు తెరవకముందే
"గోరింటాకు సామీ" అంది మా అత్త,
నిన్ననే తానే నూరినంత నమ్మకంగా.

కర్ర లేచింది.
జీపు దిగిన పెంచలయ్య
ఒక బూటు తొడుక్కుని, రెండోది చేతిలో పట్టుకుని
నవ్వడం మొదలుపెట్టినాడు,
వెనక అద్దంలో కనపడినంతసేపూ.

తారు రోడ్డు నున్నగా తగిలింది.
మాలో ఎవరికీ నచ్చలేదు.