మీట

మా ఊరు వూచ్. ఆ పేరుకు పడవ అని అర్థం.
నది మాత్రం కనిపించదు.
మిల్లుల కాలంలో ఎప్పుడో
ఇటుక గొట్టాల్లోకి మళ్లించి వీధుల కింద పూడ్చేశారు.
అలాంటి ఒక మిల్లు మూడో అంతస్తులో
మేం తొమ్మిది మందిమి
రెండేళ్లుగా ఒక మనిషిని తయారు చేస్తున్నాం.

హల్ష్కా. యాభై రెండేళ్లు.
ఆటలో ట్రాము నడుపుతుంది.
గడియారం పది నిమిషాలు ముందుకు పెట్టుకుంటుంది,
దగ్గొస్తే మొహం పక్కకు తిప్పుకుంటుంది.
ఆ దగ్గు నేను రాశాను.
ఆరో అధ్యాయంలో డాక్టరు మాటా నేనే రాశాను:
ఇంకో చలికాలం చూడకపోవచ్చు.

తర్వాతి సంగతి
ఆడేవాళ్లకే వదిలేద్దామన్నాడు రడోస్వాఫ్.
తెర మీద రెండు మాటలు:
పోనివ్వు. బతికించు.
ఎందరు ఏది నొక్కారో
చివర్లో శాతాలు చూపిద్దాం,
నిర్ణయించడానికి మనమేమైనా దేవుళ్లమా అన్నాడు.
చెడ్డవాడు కాదు.
తల్లి మంచం పక్కన ఆరు వారాలు కూర్చున్నవాడు.
అప్పుడు తనకు దొరకని మీటనే
ఇప్పుడు అందరి చేతికీ ఇస్తున్నాడేమో.

నేనూ సరేనన్నాను.
ఒక చావూ ఒక బతుకూ రాసిచ్చాను.
నిజం చెప్పొద్దూ, చావే బాగా కుదిరింది.

మార్చిలో ఆడి చూడమని పిలిచినవాళ్లలో
జెనోబియా ఒకరు.
ముప్పై ఒక్క ఏళ్లు
చివరి రోజుల రోగుల దగ్గర రాత్రి నర్సు.
మనవడు నేర్పాడట, బొటనవేళ్లు నెమ్మది.
వంతెన మలుపులో రెండుసార్లు పట్టాలు తప్పింది.
ట్రాము గంట నచ్చి
ఊరికే మోగించుకుంటూ తిరిగింది.

ఆరో అధ్యాయం.
గది. కిటికీ. హల్ష్కా.
రెండు మాటలు వెలిగాయి.
జెనోబియా కంట్రోలరు ఒళ్లో పెట్టుకుంది.

నిమిషం.
మూడు నిమిషాలు.
ఆట బిగుసుకుపోయిందా,
పెద్దావిడకు అర్థం కాలేదా అని
పక్కగదిలో మేం గుసగుసలు.

ఎవరూ ఏదీ నొక్కకపోతే
హల్ష్కాకు మేమిచ్చిన పనులు నాలుగే.
దుప్పటి సర్దుకుంటుంది, గడియారం చూసుకుంటుంది,
దగ్గుతుంది,
కిటికీ వైపు తిరుగుతుంది.
మళ్లీ దుప్పటి.
జెనోబియా చూస్తూ కూర్చుంది,
డ్యూటీలో ఉన్నట్టే.

పదకొండో నిమిషంలో నేనే లోపలికెళ్లాను.
"ఈమెను అడిగారా?" అంది.
ఎవరిని, అన్నాను.
గడ్డంతో తెర వైపు చూపించింది.
"ఇందాకట్నుంచీ కిటికీ వైపే తిరుగుతోంది.
గాలి కావాలేమో.
తెరిచే మీట ఏది?"

లేదు.
బతికించడానికి ఉంది, చంపడానికి ఉంది,
కిటికీ తెరవడానికి లేదు.

హల్ష్కాకు నొప్పి లేదు, నాకు తెలుసు.
కాసిని అంకెలు, కాసిని రంగులు,
డబ్బులిచ్చి తెచ్చుకున్న ఒక గొంతు.
ఆమెకు నూకలు కొలిచిందీ నేనే
చెల్లిపోయాయన్నదీ నేనే.
కానీ నొక్కే వేలు నిజం.
ఆ వేలు రేపు ఏ మంచం పక్కన ఉంటుందో,
అక్కడా రెండు మాటలు వెలుగుతాయని
ఎదురుచూస్తుందేమో.

మరి ఆడేవాడు చేయడానికేం మిగిలిందని
రడోస్వాఫ్ బల్ల చరిచాడు.
ఆఖరి ట్రాము వెళ్లిపోయేదాకా పోట్లాడుకున్నాం.
అతను ఇంకా ఒప్పుకోలేదు.
నా దగ్గరా జవాబు లేదు.
ఆమె చివర రాయాలంటే
ముందు ఆమెకేం కావాలో తెలియాలి.
రెండేళ్లు కలిసి బతికాను,
ఆ ఒక్కటీ అడగలేదు.

ప్రస్తుతానికి రెండు మాటలూ తీసేశాం.
కిటికీ తెరుచుకుంటుంది.
తెరలో చిన్న తెర కదులుతుంది,
హల్ష్కా దుప్పటి సంగతి మరిచిపోతుంది.
శబ్దాలు చూసే కుర్రాడు, ఎందుకో,
ఆ గాలిలో నీళ్ల చప్పుడు కలిపాడు.
ఆ వీధిలో నది ఎక్కడిదని
ఎవరమూ అడగలేదు.